నోరు తెరిస్తే భయం: తండ్రి వదిలి వెళ్ళిన ఒక యువకుడి కేస్ స్టడీ

సైకియాట్రిస్టు పంపిన చీటీలో ఉన్నది ఇంతే: "వయసు 24. మీటింగుల్లో గుండె దడ, నోరు పెగలకపోవడం. ఉద్యోగం మానేస్తానంటున్నాడు. ఈసీజీ, థైరాయిడ్, హీమోగ్లోబిన్ నార్మల్. సైకోథెరపీకి పంపుతున్నాను." తండ్రి ప్రస్తావన అందులో లేదు. మొదటి రోజు అతనూ ఆ ఊసెత్తలేదు. మా దగ్గర నింపే ఫారంలో తండ్రి పేరు రాశాడు, వృత్తి దగ్గర లారీ డ్రైవర్ అని రాశాడు, ఫోన్ నంబరు దగ్గర చిన్న గీత గీసి వదిలేశాడు.

అతన్ని హరి అందాం. అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు, ఊరు, ఇంటి వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

వచ్చిన ఇబ్బంది

హరిది చిత్తూరు దగ్గర పల్లె. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివి, రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో చేరాడు. కొర్లగుంటలో స్నేహితులతో కలిసి రూము. రెండేళ్ళు నెమ్మదిగా, తప్పు లేకుండా పని చేసినందుకు షిఫ్ట్ ఇన్‌చార్జిని చేశారు. కష్టం అక్కడ మొదలైంది. ఇన్‌చార్జి అయితే రోజూ పొద్దున మీటింగులో నిలబడి నిన్న ఎన్ని పీసులు పోయాయో, ఎందుకు పోయాయో చెప్పాలి. ఒకరోజు రిజెక్షన్ ఎక్కువ వచ్చింది. మేనేజరు గొంతు పెంచి "అడుగుతుంటే చెప్పవేం, నోరు లేదా?" అన్నాడు. హరికి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. చెవులు గింగురుమన్నాయి, అరచేతులు తడిసిపోయాయి, ఎదురుగా ఉన్న మొహాలు మసకబారాయి. బాత్రూముకని చెప్పి బయటికి వచ్చేశాడు.

ఆ తర్వాత మీటింగు కంటే మీటింగు ముందు రాత్రే పెద్ద టెన్షన్ అయింది. చెప్పాల్సింది ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో ఫోన్‌లో రాసుకుని బట్టీ పట్టేవాడు. మీటింగులో తలుపు పక్కనే నిలబడేవాడు. చేతిలో నీళ్ళ బాటిల్ ఉండాల్సిందే. ఫోన్ వస్తే ఎత్తకుండా, అది ఆగాక "బిజీ, మెసేజ్ పెట్టండి" అని వాట్సాప్ చేసేవాడు. అన్నిటికంటే ముఖ్యమైనది, గొంతు బాగా తగ్గించి మాట్లాడేవాడు. నా ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంటేనే నేను రెండుసార్లు ముందుకు వంగాల్సి వచ్చింది. మెల్లగా మాట్లాడితే ఎవరూ తనని పట్టించుకోరని అతని లెక్క. జరిగేది దానికి తిరగబడి ఉండేది. "ఆఁ? వినపళ్ళా, గట్టిగా చెప్పు" అని నలుగురూ అతని వైపే తిరిగేవాళ్ళు.

నలుగురిలో కలిగే భయాన్ని సోషల్ ఫోబియా అనీ, సోషల్ యాంగ్జైటీ అనీ అంటారు. దాన్ని కొలిచే 17 ప్రశ్నల స్పిన్ స్కేలులో 68కి 43 వచ్చింది. 19 దాటితే ఆలోచించాలి అంటారు. మామూలు ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 21కి 13. చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నాయా అని సూటిగానే అడిగాను, లేవన్నాడు. ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడేవాళ్ళు డాక్టర్లలో కూడా ఉన్నారు. అలా పుట్టదు. ఇంకో మాట కూడా అతనే చెప్పాడు. శనివారం రాత్రి ఒక బీరు తాగితే మాటలు వాటంతటవే వస్తున్నాయట. దాన్ని షీటులో ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టుకున్నాను. ఈ జబ్బులో మందు అలవాటు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

అంతకుముందు చేసిన వైద్యం

ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు, సెలైన్ ఎక్కించాడు. తిరుపతిలో ఒక మెడికల్ షాపులో ఆల్‌ప్రజోలామ్ అనే మత్తు మాత్ర ఇచ్చారు, చీటీ లేకుండానే. రూమ్మేటు ఒకడు యూట్యూబులో చూసి ప్రొప్రనొలాల్ తెచ్చిచ్చాడు. వాళ్ళమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టింది, కాణిపాకం తీసుకెళ్ళింది.

తాయెత్తుతో నాకు పేచీ లేదు. ఆల్‌ప్రజోలామ్‌తో ఉంది. అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. వేసుకున్న అరగంటకు హాయిగా ఉంటుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. కొన్ని వారాలు రోజూ వేసుకుంటే ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది, ఒక్కసారిగా ఆపితే భయం రెట్టింపై వస్తుంది. ప్రొప్రనొలాల్ వణుకునూ దడనూ తగ్గిస్తుంది కానీ ఆస్తమా ఉన్నవాళ్ళకు ప్రమాదం. హరికి చిన్నప్పుడు పిల్లికూతలు ఉండేవని వాళ్ళమ్మ చెప్పాకే బయటపడింది. సైకియాట్రిస్టు ఆ రెండింటినీ పక్కన పెట్టించి ఆందోళన తగ్గించే ఎస్సిటాలోప్రామ్ అనే మందును చిన్న డోసుతో మొదలుపెట్టారు. దాని గుణం కనపడడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదటి వారం కొంచెం వికారం, నిద్ర తేడా ఉండొచ్చని ముందే చెప్పాం. చెప్పకపోతే మన దగ్గర సగం మంది నాలుగో రోజే మాత్రలు బీరువాలో పడేస్తారు.

ఇంటి సంగతి

తండ్రి ప్రస్తావన మూడో వారంలో వచ్చింది. అదీ నేను అడిగితే కాదు. ఏయే ప్రశ్నలంటే భయమో రాసుకురమ్మన్నాను. మేనేజరు ప్రశ్నలు, ఇంగ్లీషులో అడిగే ప్రశ్నలు అన్నీ రాశాడు. చివర్లో చిన్న అక్షరాలతో "మీ నాన్న ఏం చేస్తారు?" అని ఉంది.

తండ్రి చిత్తూరు నుంచి మద్రాసుకు బెల్లం, మామిడి గుజ్జు లోడు తోలేవాడు. హరి రెండో తరగతిలో ఉండగా ఇల్లు వదిలి వెళ్ళాడు. వేలూరులో ఇంకో సంసారం ఉంది. ఊరందరికీ తెలుసు, ఇంట్లో మాత్రం ఎవరూ నోరెత్తరు. పిల్లలకు చెప్పింది "నాయన లైను మీద పోయినాడు" అని. ఆ లైను 17 ఏళ్ళుగా నడుస్తూనే ఉంది. వాళ్ళమ్మ తోతాపురి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీకి పోయేది, మిగతా నెలల్లో కుట్టు మిషను. ఫీజులు మేనమామ కట్టాడు. కట్టిన ప్రతిసారీ "మీ నాయన మాదిరి కావద్దురా" అనేవాడు.

తండ్రి చనిపోయిన పిల్లాడికి కనీసం ఏడవడానికి ఒక రోజు ఉంటుంది, తద్దినం ఉంటుంది, నలుగురు వచ్చి కూర్చుంటారు. వెళ్ళిపోయిన తండ్రికి అవేవీ ఉండవు. మనిషి ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు. పౌలీన్ బాస్ అనే అమెరికన్ ఫ్యామిలీ థెరపిస్టు ఇలాంటి తెగని నష్టం మీద 1970ల నుంచి పనిచేశారు. ఆవిడ తొలినాళ్ళలో చూసింది యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలను. చిత్తూరు జిల్లా పల్లెల్లో అలాంటి ఇళ్ళు యుద్ధం లేకుండానే ఉన్నాయి.

ఇక్కడ కాగితాల గోల కూడా ఒకటి ఉంది. ఆదాయ సర్టిఫికెట్టు కోసం పోతే "మీ నాన్నను రమ్మను" అన్నారట. పదో తరగతి ఫారం మీద మామ సంతకం చూసి ఒక ఉపాధ్యాయుడు క్లాసులోనే ఎందుకని అడిగాడట. ఇలాంటి తల్లులు నా దగ్గరికి చాలామంది వస్తారు కాబట్టి చెబుతున్నాను. 2016 డిసెంబరులో మారిన నిబంధనల ప్రకారం పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు. తల్లి ఒంటరిగా పెంచుతున్నప్పుడు పాన్ కార్డుకు తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. రూలు మారినంత త్వరగా కౌంటరు వెనక మనిషి మారడు, అది వేరే సంగతి.

హరికి కాగితం కంటే మనుషులే కష్టం. ఎవరైనా అడిగితే "లారీ నడుపుతాడు, లైన్లో ఉన్నాడు" అనేవాడు. ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవాలంటే రెండో ప్రశ్న రాకూడదు. రెండో ప్రశ్న రాకూడదంటే ఎవరితోనూ ఎక్కువసేపు మాట్లాడకూడదు. నాలుగేళ్ళు ఒకే రూములో ఉన్న స్నేహితులకు కూడా ఏమీ చెప్పలేదు.

వాళ్ళమ్మతో విడిగా మాట్లాడాను. "వాడికి తండ్రి లేడన్న లోటు రానీలా సార్. బాగానే ఉండాడు, నలుగురిలోకి పోతేనే ఇట్లా" అంది. అది నిజమే, ఆవిడ ఏ లోటూ రానివ్వలేదు. మాటల్లో ఇంకొకటి దొర్లింది. హరికి పద్నాలుగో ఏట గొంతు మారింది. ఒక సాయంత్రం వాకిట్లోంచి "అమ్మా" అని పిలిస్తే లోపల మిషను కుడుతున్న ఆవిడ ఉలిక్కిపడి లేచి, "అచ్చం వాళ్ళ నాయన గొంతే" అని, వాడి మొహం చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయిందట. ఆవిడ నవ్వుతూనే చెప్పింది. తర్వాత హరిని అడిగితే ఆ రోజు వాకిట్లో ఎక్కడ నిలబడ్డాడో కూడా చెప్పాడు.

నేను అర్థం చేసుకున్నది

తండ్రి లేడు కాబట్టి భయం వచ్చిందని ఒక్క ముక్కలో తేల్చేయడం సులువు. బంధువులు అదే అంటారు, కొందరు కౌన్సెలర్లూ అదే అంటారు. తండ్రి లేకుండా పెరిగి ఏ భయమూ లేని మగపిల్లలు మన చుట్టూ ఎంతమందో ఉన్నారు. సారా మెక్‌లానహన్ బృందం 2013లో ఈ విషయంపై జరిగిన పరిశోధనలను సమీక్షించింది. తండ్రి దూరమవడం వల్ల పిల్లల ప్రవర్తనలో గొడవలు, పెద్దయ్యాక మానసిక ఆరోగ్యంపై ప్రభావం ఉంటాయనడానికి గట్టి ఆధారాలే కనిపించాయి. పరీక్ష మార్కుల విషయంలో అంత గట్టిగా లేవు. అయితే ఆ లెక్కలు వేలమందివి. నా ఎదురుగా కూర్చున్న ఒక్కడికి ఏం జరిగిందో అవి చెప్పవు.

హరి విషయంలో నాకు కనపడింది ఇది. తండ్రి పోయిన చోటు ఖాళీగా ఏమీ లేదు. తల్లి మౌనం, మామ హెచ్చరికలు, చెప్పుకోకూడని ఒక అబద్ధం, పిల్లాడు తనంతట తాను వేసుకున్న లెక్కలు, ఇవన్నీ వచ్చి అందులో చేరాయి. వైద్యం చేయాల్సింది వీటికి. తండ్రి స్థానంలో ఎవరినో కూర్చోబెట్టడం వైద్యం కాదు. ఒకసారి హరి "మీరు మా నాయన వయసుంటారు సార్" అన్నాడు. "ఉండొచ్చు, వాళ్ళకీ నాలాగే మోకాళ్ళ నొప్పులు వచ్చుంటాయి" అని నవ్వి ఊరుకున్నాను. ఆ కుర్చీలో నేను కూర్చోదలచుకోలేదు.

రోజువారీ భయాన్ని నిలబెడుతున్నది మాత్రం వేరే యంత్రాంగం. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో సోషల్ యాంగ్జైటీ గురించి చెప్పిన నమూనా హరికి దాదాపు అక్షరాలా సరిపోయింది. నలుగురిలో నిలబడగానే మనిషి ధ్యాస ఎదుటివాళ్ళ మీద నుంచి తన లోపలికి మళ్ళుతుంది. గుండె ఎలా కొట్టుకుంటోంది, గొంతు వణుకుతోందా అని తననే కాపలా కాస్తాడు. లోపల ఎంత గందరగోళంగా ఉందో బయటికీ అంతే కనిపిస్తోందనుకుంటాడు. తనను కాపాడతాయనుకున్న బాటిలు, తలుపు, చిన్న గొంతు, నిజానికి భయం తప్పో ఒప్పో తేలకుండా అడ్డుపడుతుంటాయి.

చికిత్స

మొదటి పని ధ్యాసను బయటికి తేవడం. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ కొట్టుకు పోయి, మామూలు గొంతుతో "అన్నా, ఒక టీ, చక్కెర తక్కువ" అని చెప్పి, ఆ కొట్టులో ఎన్ని గాజు సీసాలున్నాయో చూసి రమ్మన్నాను. తర్వాత బస్టాండులో కండక్టర్లను బస్సు టైము అడగడం. ఆపైన చెప్పుల షాపులో నాలుగు జతలు తీయించి ఏమీ కొనకుండా రావడం. చివరిది చాలా కష్టంగా ఉందన్నాడు. షాపువాడు తిట్టాడా అంటే, "లేదు సార్, సైజు వచ్చినాక ఫోన్ చేస్తానని నంబరు తీసుకున్నాడు" అన్నాడు.

తర్వాత గొంతు. ఒకే రిపోర్టును ఒకసారి తనకు అలవాటైన చిన్న గొంతుతో, బాటిలు పట్టుకుని చెప్పాలి. రెండోసారి బాటిలు లేకుండా, గది అవతలి గోడకు వినపడేలా చెప్పాలి. రెండింటినీ ఫోన్‌లో వీడియో తీశాం. చూసే ముందు, ఎలా కనిపిస్తావనుకుంటున్నావో రాయమంటే, రెండోదాంట్లో మొహం ఎర్రబడి, చేతులు వణికి, అరుస్తున్నట్టు ఉంటుందని రాశాడు. వీడియోలో ఉన్నది రిజెక్షన్ లెక్క చెబుతున్న ఒక మామూలు కుర్రాడు. మొదటి వీడియోలోనే ఏదో దాస్తున్నట్టు కనిపించాడు. దాన్ని రెండుసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాడు.

"మీ నాయన గొంతు ఇలాగే ఉండేదా?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. "గుర్తు లేదు సార్" అన్నాడు. పదేళ్ళుగా దేన్ని దాచుకుంటూ వచ్చాడో అది ఎలా ఉండేదో అతనికే తెలియదు.

ఆ తర్వాతి వారం అతనే ఒక జ్ఞాపకం తెచ్చాడు. తండ్రి ఒకసారి తనను లారీలో వేలూరు తీసుకెళ్ళాడు. ఒకింట్లో ఒకామె స్టీలు ప్లేటులో మైసూర్‌పాకు పెట్టింది, తలకు నూనె రాసి దువ్వింది. ఇంటికొచ్చి సంబరంగా అమ్మకు చెప్పాడు. ఆ రాత్రి పెద్ద గొడవ. తండ్రి అరిచి, చొక్కా భుజాన వేసుకుని బయటికి నడిచాడు. తిరిగి రాలేదు. తాను చెప్పకపోయి ఉంటే నాయన ఉండేవాడని ఏడేళ్ళ పిల్లాడు లెక్క తేల్చుకున్నాడు. ఆ లెక్కను మళ్ళీ ఎవరూ సరిచూడలేదు, ఎందుకంటే ఎవరికీ చెప్పలేదు.

జబ్బంతా ఈ ఒక్క జ్ఞాపకంలోంచే పుట్టిందని నేననను. అలాంటి కథలు వినడానికి బాగుంటాయి, క్లినిక్కులో అరుదు. దీన్ని వదిలేసి ముందుకు పోవడం మాత్రం కుదరదు. కాగితం మీద గుండ్రంగా గీసి, నాయన వెళ్ళిపోవడానికి ఎవరెవరి బాధ్యత ఎంతో ముక్కలు కోయమన్నాను, తన వాటా చివర్లో వేసుకోవాలన్నది షరతు. మొదట నోటితో చెప్పినప్పుడు ముప్పావు వంతు తనదే అన్నాడు. నాయన, వేలూరు ఆమె, తెలిసీ మందలించని తాత, అప్పటి అప్పులు, అన్నీ వేశాక తనకు మిగిలింది గీతంత ముక్క. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మామ మనవడిని చూసి రమ్మన్నాను, వాడూ రెండో తరగతే. వచ్చి, "వాడికి చొక్కా గుండీలు కూడా సరిగ్గా రావు సార్. నిన్న తిన్నదీ చూసిందీ అందరికీ చెబుతానే ఉంటాడు" అన్నాడు.

అమ్మతో ఈ మాట నా గదిలోనే జరిగింది, అతను కోరుకున్నట్టు. విని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు చెప్పకముందే తెలుసురా. ఆ ముందు దీపావళికే తెలుసు. నీ నోట విన్నాక ఇంక తెలీనట్టు ఉండలేకపోయినా" అంది.

ఆ వారమే మీటింగులో మళ్ళీ ఒకసారి అతనికి మాట పడిపోయింది. మనసు తేలికైతే అలవాటు పోతుందనుకునేవాళ్ళ కోసం దీన్ని ప్రత్యేకంగా రాస్తున్నాను. పోదు, దానికి వేరే సాధన ఉంటుంది. హరి ఇంట్లో మగమనిషి అరిచింది ఒక్కసారే, ఆ తర్వాత ఆ మనిషి కనపడలేదు. అరిచి, పది నిమిషాలకు మామూలైపోయే మగవాళ్ళు ఉంటారని అతనికి చూసి తెలియదు. అందుకని మేనేజరును గమనించే పని పెట్టాను. ఆయన ఎవరిమీద అరిచాడు, తర్వాత అరగంటలో ఏమైంది. ప్యాకింగ్ సూపర్‌వైజరును అందరి ముందూ కడిగేసిన రోజే క్యాంటీన్లో అదే మనిషి ప్లేటులోంచి వడ తుంచుకుని తిన్నాడట మేనేజరు. హరి ఇది చెబుతుంటే అతని మొహంలో ఉన్నది ఆశ్చర్యం. కొన్ని వారాలకు మేనేజరు తనమీద అరిచినప్పుడు, తలుపు వైపు పోకుండా నిలబడి "రెండో లైన్లో మౌల్డు మార్చినాము సార్, అందుకే వచ్చింది" అని చెప్పగలిగాడు.

వాళ్ళమ్మకూ ఒక పని పడింది. రాత్రి తొమ్మిదికి హరి ఫోన్ ఎత్తకపోతే, ఎత్తేదాకా ఆవిడ చేస్తూనే ఉంటుంది. ఇంటి నుంచి దూరంగా ఉన్న మగమనిషి అంటే ఆవిడకు ఒకటే అర్థం తెలుసు. ఒకసారి చేసి ఆగడం ఆవిడకు హరి మీటింగంత కష్టమైంది. ఊళ్ళో ఉండే ఇలాంటి తల్లులకు నేను ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కూడా ఇస్తుంటాను. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రతి వారం చార్జీలు పెట్టుకుని తిరుపతి రావడం అందరికీ కుదిరేది కాదు.

మామ మాత్రం రాలేదు. "పిచ్చి లేదు గిచ్చి లేదు" అన్నాడట. బతిమాలలేదు.

ఇప్పుడు

ఆరు నెలలు దాటాక స్పిన్ 21కి, జీఏడీ-7 6కి వచ్చాయి. స్పిన్‌లో 19 అనే గీతకు పూర్తిగా ఇవతలికి రాలేదు. ఇన్‌చార్జి పని చేస్తున్నాడు. నాన్న ఏం చేస్తారన్న ప్రశ్నకు జవాబును చాలాసార్లు గట్టిగా పలికి చూసుకున్నాడు: "మా నాయన మాతో ఉండరు. వేలూరులో ఉంటారు. మమ్మల్ని పెంచింది మా అమ్మ." మొదట రూమ్మేటుకు చెప్పాడు. వాడు కాసేపు ఫోన్ పక్కన పెట్టి విని, "సరే మామా, మెస్ మూసేస్తారు, పోదామా?" అని చెప్పులేసుకున్నాడట. సంబంధాలు చూడడం మొదలైంది కాబట్టి ఈ జవాబుతో ముందు ముందు చాలా పని ఉంది.

తండ్రిని కలవాలా వద్దా అన్నది అతను తేల్చుకోలేదు. నేను అడగడం లేదు. బాగుపడ్డాక కూడా మాత్రలు కనీసం ఆరు నెలలు కొనసాగించి, ఆ తర్వాత నెమ్మదిగా తగ్గించాలన్నది సైకియాట్రిస్టు ఆలోచన. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఇప్పటికీ ఎత్తడు. వచ్చే నెలంతా దాని మీదే పని. రోజుకు ఒక కాల్, ముందు గ్యాస్ ఏజెన్సీకి, తర్వాత బ్యాంకుకు, ఆఖరున మామకు.